మానెమ్మ కాలివేళ్ళు

టీబీ అని తేలిన రోజు మేం మిఠాయి పంచాం. ఎవరికైనా చెబితే నాకు మతి చలించిందనుకుంటారు గానీ, జరిగింది మాత్రం అదే. కర్నూలులో ఒక పెద్దాసుపత్రి. కిటికీ పక్క మంచం మీద నా చిన్ననాటి నేస్తం మానెమ్మ వెల్లకిలా పడుకుని, పైన కిర్రుమంటూ తిరిగే ఫ్యానును తిట్టుకుంటోంది. ఆమె వెన్నులోంచి సూదితో తీసిన ముక్క పరీక్షకు పోయి అప్పటికి చాలా రోజులైంది. ఆ రోజులన్నీ ఆమె మొగుడు నర్సింహులు మంచం కాళ్ళ దగ్గర నిలబడి కండువాతో మొహం తుడుచుకుంటూనే ఉన్నాడు. నేను పెద్ద ధైర్యస్తురాలిలా అటూ ఇటూ తిరుగుతూ, మధ్యమధ్య బాత్‌రూంలోకి వెళ్ళి ఏడ్చి వస్తున్నాను. స్కానింగులో వెన్నుపూసల దగ్గర ఏదో నీడ కనిపించిందనీ, అది క్యాన్సర్ కావచ్చు, కాకపోవచ్చుననీ అన్నారు. ఆ 'కాకపోవచ్చు'ను పట్టుకుని మేం ముగ్గురం వేలాడుతున్నాం. చివరికి ఒక పొద్దున డాక్టరమ్మ, నా దగ్గర చదివి వెళ్ళిన పిల్లల ఈడుది, కాగితం పట్టుకుని వచ్చి, "క్యాన్సర్ కాదమ్మా, వెన్నెముకకు టీబీ" అంది.

"టీబీ అంటే క్షయనే గద బిడ్డా?" అని అడిగింది మానెమ్మ.

"అవునమ్మా."

"దానికి మందులుంటయి గద?"

"ఉంటాయి. ఏడాదికి పైగానే వాడాలి. ఒక్కరోజు కూడా మానకూడదు. మానకుండా వాడితే నయమైపోతుంది."

మానెమ్మ నా చెయ్యి పట్టుకుని ఎముకలు నొప్పి పుట్టేలా నొక్కింది. "సరోజా, జర పోయి ఏదన్న తీపి పట్కరాపోవే. ఈడ ఉన్నోళ్ళందరికి పెడదాం" అంది. నేను మెట్లు దిగి పరుగులాంటి నడకతో వెళ్ళి ఎదురుగా ఉన్న దుకాణంలో మైసూరుపాక్ కొనుక్కొచ్చాను. నర్సమ్మలకు, పక్క మంచాల వాళ్ళకు, ఊడ్చే ఆమెకు, అందరికీ పెట్టాం. డాక్టరమ్మ ముక్క చేతిలో పట్టుకుని, "టీబీ వచ్చిందని స్వీట్లు పంచినవాళ్ళను ఇప్పుడే చూస్తున్నా" అని నవ్వింది. నవ్వాక నన్ను వరండాలోకి పిలిచి, నవ్వకుండా ఇంకో మాట చెప్పింది. ప్రాణానికి భయం లేదు. కాళ్ళ సంగతి మాత్రం ఇప్పుడే చెప్పలేం. చీము వెన్నుపాము మీద ఒత్తుతోంది, ఇప్పటికే కాళ్ళలో స్పర్శ పోతోంది. మందులకు చీము కరిగి స్పర్శ తిరిగొస్తే నడుస్తుంది. రాకపోతే ఆపరేషన్ చెయ్యాలి, అప్పటికీ నడుస్తుందని మాటివ్వలేం. "రోజూ కళ్ళు మూయించి కాలివేళ్ళు ముట్టుకుని, ఏ వేలో అడగండి. ఏమాత్రం తగ్గినా వెంటనే తీసుకురండి" అని చెప్పింది. మైసూరుపాక్ నా నోట్లోనే ఉండిపోయింది.

అయినా ఆ రోజు మా గుండె మీదినుంచి దిగిన బరువు నిజమే. గద్వాలకు తిరిగొస్తుంటే, జీపులో వెనక సీటు మీద బొంత పరిచి పడుకోబెట్టిన మానెమ్మ ఉన్నట్టుండి, "మా దేవమ్మత్త ఉంటే మనిద్దరినీ చీపురు తిరగేసి కొడుతుండె" అంది. నాకు అదే క్షణంలో దేవమ్మే గుర్తొచ్చింది. క్షయ అన్న మాటకు మేం మిఠాయి పంచడమేమిటి? ఆ మాట మా వీధిలో వినబడిన రోజుల్లో తలుపులు మూసుకునేవారు.

మాది ఇటిక్యాల దగ్గర పల్లె. నాన్న భూమిని విడిచి రాలేక అక్కడే ఉండిపోతే, మా చదువుల కోసం అమ్మ, నాన్నమ్మ మమ్మల్ని తీసుకుని గద్వాలలో నేతగాళ్ళ వీధిలో రెండు గదులు కిరాయికి తీసుకున్నారు. నాన్నమ్మను మేం అవ్వ అనేవాళ్ళం. మా గోడా మానెమ్మ వాళ్ళ గోడా ఒకటే. పొద్దున్నే నన్ను లేపేది ఆ గోడ అవతలి మగ్గం చప్పుడే. వీధి పొడవునా మగ్గానికి ఎక్కించే పడుగు దారాలు చాపి గంజి పట్టించేవాళ్ళు. ఆ పుల్లటి గంజి వాసన, దాని మీద ఎండ పడ్డాక వచ్చే ఇంకో రకం వాసన, మా అవ్వ పొయ్యి మీద జొన్నరొట్టె కాలే వాసన, అన్నీ కలిసి ఒకటే వాసనగా నా ముక్కులో ఉండిపోయాయి. అవ్వ రొట్టె కొట్టే చప్పుడుకూ అవతలి మగ్గం చప్పుడుకూ ఎప్పుడూ పోటీ. అవతల మగ్గం ఆగితే అవ్వ కూడా చెయ్యి ఆపి, "ఏమాయెనో, దారం తెగినట్టుంది" అనేది. మళ్ళీ చప్పుడు మొదలైతేనే రెండో రొట్టెకు పిండి తీసుకునేది. ఆమెకు నేతపని తెలియదు, ఆ వీధిలో అందరికంటే ఎక్కువ పట్టించుకునేది మాత్రం ఆమే.

గద్వాల చీర సంగతి తెలియనివాళ్ళకు కొంచెం చెప్పాలి. చీర ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలు వచ్చి పట్టును కలిసేచోట ప్రతి పోగునూ చేత్తో మెలేసి పట్టుకోవాలి, లేకపోతే అంచు విడిపోతుంది. అందుకే మగ్గం దగ్గర ఒక్కరు చాలరు, ఇద్దరు పక్కపక్కన కూర్చోవాలి. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి, ఒకరు కింద చెక్కలు తొక్కుతూ పోగును అటూ ఇటూ మోసే నాడె విసురుతుంటే, రెండోవారు తమ వైపు అంచు కలుపుతారు. ఒకరి చెయ్యి మందగిస్తే ఇద్దరి పనీ ఆగుతుంది. మాటలక్కర్లేదు, భుజం భుజానికి తగులుతుంటుంది గనక పక్క మనిషి అలసిందో, కోపంగా ఉందో, ఆకలిగా ఉందో తెలిసిపోతుంది. మానెమ్మ వాళ్ళింట్లో గుంటలో కాళ్ళు పెట్టేది ఆమె నాయన, పక్కన అంచు కలిపేది ఆయన అక్క దేవమ్మ. మొగుడు పోయాక తమ్ముడి ఇంటికి వచ్చేసిన మనిషి. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఎవరినో ఒకరిని సరిదిద్దుతూ ఉండేది. నేను గుమ్మంలోకి వస్తే, "ఆ నడకేందే, చెప్పులు నేలకు రాయకుండ నడువ్" అని మొదలుపెట్టేది.

ఆ దేవమ్మకే దగ్గు పట్టుకుంది. మొదట పత్తి నుసి అన్నారు, తర్వాత చలి అన్నారు, రక్తం పడ్డాక ఎవరూ ఏమీ అనలేదు. గవర్నమెంటు దవాఖానలో పేరు చెప్పారు. ఆ సాయంత్రమే ఆమె పరుపు, ఆమె కంచం, ఆమె చెంబు గుమ్మం బయట రేకు దించిన సాయబాన్ కిందికి వచ్చేశాయి. కంచం ఎవరూ పొరపాటున ముట్టుకోకుండా దాని అంచుకు ఎర్ర దారం కట్టారు. పక్కన ఉమ్మడానికి బూడిద పోసిన మూకుడు, వెల్లుల్లి వేసి కాచిన పాలగిన్నె, ఫినాయిల్ వాసన. అప్పటిదాకా దారం కండెలు చుట్టడానికో, ముచ్చట్లకో వచ్చే ఆడవాళ్ళు రావడం మానేశారు. మగ్గం దగ్గర రెండో చోటు ఖాళీ. కూలికి పిలిచినా ఎవరూ రాలేదు. మానెమ్మ బడి మాని ఆ చోట్లో కూర్చుంది.

మా ఇంట్లో పెద్ద గొడవ జరిగింది. అవ్వ నన్ను ఆ గుమ్మం తొక్కొద్దంది. నేను రొట్టె ముట్టనన్నాను. నాకు చిన్నప్పటినుంచీ కోపం ముక్కు మీదే ఉంటుంది. చివరికి అమ్మ మధ్యే మార్గంగా, "పోతే పో గని, ఆడ గుక్కెడు నీళ్ళు గుడ తాగకు" అంది. సరేనన్నాను గానీ, ఆ మాట మానెమ్మకు ఎలా చెప్పాలో తెలియక రెండు రోజులు దాహంతో తిరిగాను. చెప్పాల్సిన అవసరం రాలేదు. మూడో రోజు ఆమే, "మా ఇంట్ల నీళ్ళు తాగకు, మీ అవ్వ అడిగితే తాగలేదని నేనే ఒట్టేసి చెప్త. దూప అయితే నల్ల కాడికి పోదాం, నేను గుడ ఆడనే తాగుత" అంది. అప్పటినుంచి నేనున్నంతసేపు ఆమె తన ఇంటి కుండలో నీళ్ళు ముంచుకోలేదు. దాహమైతే ఇద్దరం వీధి చివర నల్లా దగ్గరికి పోయి, దోసిళ్ళు పట్టి తాగి, మొహాలు కడుక్కుని వచ్చేవాళ్ళం. నన్ను తప్పుచేసినదానిలా నిలబెట్టే అవకాశం ఆమెకు ఉంది, ఆమె దాన్ని ముట్టుకోలేదు. ఇంత వయసొచ్చాక కూడా అంత మర్యాద నాకు చేతకాలేదు.

బడి నుంచి రాగానే సంచి పడేసి మగ్గం గట్టు మీద కూర్చుని ఆ రోజు పాఠాలు పైకి చదివేదాన్ని. మానెమ్మ అంచు కలుపుతూ వినేది. ఆమె నాయన మొదట చిరాకు పడ్డాడు, తర్వాత ఆయనకూ అలవాటైపోయి, "నిన్న ఆ రాజు కత యాడ ఆపినవ్, ఆడనుంచి చదువ్" అనేవాడు. రాసి నేర్చుకోవాల్సింది ఉన్నప్పుడు మానెమ్మ లేచి నా పుస్తకం తను తీసుకుని, నన్ను తన చోట్లో కూర్చోబెట్టేది. అలా నేనూ అంచు కలపడం నేర్చుకున్నాను. నేర్చుకున్నానని నేననుకున్నాను. సాయబాన్ కింద గోడకు ఒరిగి కూర్చున్న దేవమ్మ లోపలికి చూడకుండానే, చప్పుడు విని, "ఆ రైతుపిల్లను లేపుర్రి, చీర కరాబ్ చేస్తది" అని అరిచేది. అరిచాక దగ్గు. దగ్గు ఆగేదాకా మగ్గం ఆగేది. ఆగిన మగ్గం ముందు మేం ఇద్దరం భుజం భుజం ఆనించుకుని, గోడ అవతల ఆ గొంతు మళ్ళీ తిట్టు అందుకోవాలని ఎదురుచూసేవాళ్ళం. తిడితే ఊపిరి పీల్చుకునేవాళ్ళం.

కాంపౌండర్ వచ్చి సూదులు వేసేవాడు. నెలలు గడిచేసరికి దేవమ్మ ఒంటికి కాస్త కండ పట్టింది, దగ్గు తగ్గింది. గుడికి పోయి జమ్ములమ్మకు మొక్కు తీర్చి వచ్చింది. అందరం సంతోషించాం. ఆ సంతోషంలోనే ఆమె సూదులు వద్దంది. నొప్పి, వేడి చేస్తుంది, నయమైందిగా ఇంకెందుకంది. ఎవరూ బలవంతపెట్టలేదు, ఇంకా కావాలని గట్టిగా చెప్పేవాళ్ళు ఎవరూ లేరు. వానాకాలం వచ్చింది, దగ్గు తిరిగొచ్చింది. ఈసారి ఏ సూదీ పనిచేయలేదు. ఆమె పోయిన రోజు కూడా మా వీధిలో సగం మంది గుమ్మాల్లోనే నిలబడి చూశారు. మా అవ్వ మాత్రం, నన్ను గుమ్మం తొక్కొద్దన్న అవ్వే, అందరికంటే ముందు వెళ్ళి మానెమ్మను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. మనుషుల భయాలకూ ప్రేమలకూ వేళాపాళా ఉండవని ఆ రోజు అనుకున్నానో, ఇప్పుడు అనుకుంటున్నానో నాకు తెలియదు.

మానెమ్మ మళ్ళీ బడికి రాలేదు. అదే వీధిలో ఇంకో మగ్గం ఇంటి కోడలైంది. నేను చదువుకుని టీచరునయ్యాను. నాగర్‌కర్నూల్ వైపు పల్లెల్లో కొన్నేళ్ళు, తర్వాత వనపర్తిలో, అక్కడే ఇల్లు, అక్కడే రిటైర్మెంటు. ఎక్కడున్నా నెలకోసారి ఎర్రవల్లి చౌరస్తాలో బస్సు మారి గద్వాల వెళ్ళకపోతే నాకు తోచదు. ఫోనులొచ్చాక రోజూ మాట్లాడుకోవడమే. రెండేళ్ళ కిందట ఆ మాటల్లో నడుంనొప్పి వచ్చి చేరింది. నేతగాళ్ళలో నడుంనొప్పి లేని మనిషి ఎవరు? ఆమె చెప్పేది, నేను వినేదాన్ని, ఇద్దరం ఇంకో ముచ్చటలోకి పోయేవాళ్ళం.

ఇక్కడ మా నర్సింహులు బావ చేసిన పని చెప్పాలి. పెళ్ళానికి నొప్పి తగ్గడం లేదని ఆయనకు దిగులు పట్టుకుంది. డాక్టరు దగ్గరికి పోలేదు, మగ్గం దగ్గరికి పోయాడు. గుంట లోతు చాలక నడుం వంగుతోందని తేల్చాడు. పలుగూ పారా తీసుకుని రెండు రోజులు తవ్వి గుంటను ఇంకో జానెడు లోతు చేశాడు. కూర్చునే చెక్క మార్చాడు. దాని మీద కొత్త బొంత మడత పెట్టాడు. మానెమ్మ ఫోనులో మురిసిపోతూ, "మీ బావ నాకు సింహాసనం చేసిండే" అంది. కొత్త సంబరంలో కొన్నాళ్ళు నొప్పి తగ్గినట్టే అనిపించింది. తర్వాత చీరల్లో తప్పులు రావడం మొదలైంది. ఒక పోగు కిందికి పోవాల్సింది పైకి పోవడం, గళ్ళు చెదరడం. మానెమ్మ చేతిలో చీర చెడిందని ఆ వీధిలో అంతకు ముందు ఎవరూ వినలేదు. చీరలు తీసుకునే షావుకారు మొహమాటంగానే ఒక చీర వాపసు పంపాడు. ఆమెకు అవమానమైంది. "చెక్కలకు తాళ్ళు వదులైనయే, తొక్కితే కాలుకు తెలుస్తలేదు" అంది నాతో. బావ తాళ్ళు కూడా మార్చాడు. అంతటి మంచి మనిషి, మగ్గంలో మార్చాల్సిందల్లా మార్చాడు.

నేను వెళ్ళినప్పుడు ఆమె గుంటలో ఉంది. నన్ను చూసి లేవబోయి, రెండు చేతులూ గట్టుకు ఆనించి, ఒళ్ళంతా చేతులతోనే పైకి లాక్కుంది. కాళ్ళు వెనకాల వచ్చాయి. "ఏందే గట్ల లేస్తవ్?" అన్నాను. "కాళ్ళు మొద్దువారుతయి, జరసేపైతే మంచిగైతయి" అంది. "ఏ చెక్క తొక్కుతున్నవో తెలుస్తుందా?" అన్నాను. "చీరను చూసి తెలుసుకుంట" అంది. మర్నాడే కర్నూలు తీసుకుపోయాను. బావ తాళ్ళు చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడి, "తాళ్ళు కాదా టీచరమ్మా?" అని అడిగిన మొహం ఇప్పటికీ మరవలేను.

మిఠాయి పంచి ఇంటికొచ్చాక అసలు పని మొదలైంది. వెన్ను కదలకూడదని చెక్క బల్ల మీద పడక, లేపినప్పుడల్లా నడుముకు గట్టి బెల్టు. వనపర్తిలో ఇంటికి తాళం వెయ్యడం ఒకటే తక్కువ, అంతగా నేను గద్వాలలో ఉండిపోయాను. మా ఆయన, "నీ సంసారం అక్కడిది, నేను చుట్టపుచూపు" అని ఎగతాళి చేసేవాడు గానీ, వారం వారం బత్తాయిలు మోసుకుని వచ్చేదీ ఆయనే. పరగడుపున మాత్రలు. మాత్రలు పడ్డాక గంటసేపు వాంతి వచ్చినట్టుండేది. మూత్రం నారింజ రంగులోకి మారిన రోజు ఆమె రక్తమనుకుని కేకలు పెట్టింది. రెండో నెలలో నడుంనొప్పి తగ్గింది. "ఇగ చాలు గదనే, కడుపుల మంటయితుంది, కొన్ని దినాలు ఆపి మల్ల మింగుత" అంది. నేను ముందుగదిలోకి పోయి, వీధిలో కనిపించే ఆమె పుట్టింటి పాత సాయబాన్ వైపు చూస్తూ నిలబడ్డాను. వెనక నుంచి ఆమె గొంతు, "సరేతీ, గట్ల చూడకు, మాత్రలు తే" అంది. ఆ తర్వాత మానేస్తానన్న మాట ఆమె నోట రాలేదు.

ఇక కాలివేళ్ళు. డాక్టరమ్మ చెప్పినట్టు రోజూ పొద్దున టీ తర్వాత ఆమె కళ్ళ మీద తువ్వాలు వేసి, ఒక్కో వేలునూ ముట్టుకుని, "ఇది ఏ వేలు?" అని అడిగేదాన్ని. "బొటనవేలు", "దాని పక్కది", "నడిమిది". కుడికాలు పర్వాలేదు, ఎడమకాలు మొదట్లో అధ్వాన్నం. నెమ్మదిగా ఎడమకాలూ బాగుపడింది. చివరికి వేళ్ళన్నీ సరిగ్గా చెప్పసాగింది. డాక్టరమ్మకు ఫోను చేసి సంబరంగా చెప్పాను. వీధిలో చెప్పాను. ఒక పొద్దున, ఎడమకాలి బొటనవేలు ముట్టుకున్నాక, బయట పాలాయన పిలిస్తే నేను తల తిప్పాను. నా చెయ్యి గాల్లో ఉంది. ఆమె కాలును ముట్టుకోనే లేదు. తువ్వాలు కింది నుంచి మానెమ్మ, "దాని పక్కది" అంది.

ఎన్నో ఏళ్ళు హాజరుపట్టీ వరసగా చదివిన చెయ్యి నాది. వేళ్ళను కూడా బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా రోజూ అదే వరసలో ముట్టుకుంటున్నాను. ఆమె స్పర్శను బట్టి చెప్పడం లేదు, వరసను బట్టి చెబుతోంది. ఊరికే, "ఇది?" అన్నాను, చెయ్యి ఒళ్ళో పెట్టుకుని. "నడిమిది" అంది ధీమాగా. తువ్వాలు లాగి అవతల పారేశాను.

"ఎన్ని రోజులైందే గీ నాటకం?"

ఆమె పైకప్పు వైపు చూసింది. "తెలుస్తలేదని చెప్తే నీ మొఖం గింత అయితుంది. పొద్దుపొద్దున గా మొఖం నేను చూడలేను."

"నా మొఖానికేమన్న నొప్పా? కాళ్ళు నీవి! ఆపరేషన్ చెయ్యాల్సొస్తే? ఆలస్యమైతే?" నేను అరుస్తూనే ఉన్నాను, ఏడుస్తూనే ఉన్నాను. బావ పరుగెత్తుకొచ్చి ఎవరిని సముదాయించాలో తెలియక నిలబడిపోయాడు. ఆ మధ్యాహ్నమే మళ్ళీ కర్నూలు. దారి పొడవునా నేను ఆమెతో మాట్లాడలేదు, ఆమె తల మాత్రం నా ఒళ్ళోనే ఉంది. డాక్టరమ్మ చూసి, తగ్గలేదు, పెరగనూ లేదు, ఇంకొన్నాళ్ళు మందులతోనే చూద్దాం, అప్పటికీ రాకపోతే ఆపరేషనే అంది. వచ్చాక పరీక్ష పెట్టే పని నా చేతిలోంచి తీసి బావకు అప్పజెప్పింది మానెమ్మ. ఆయనకు వరసా క్రమమూ లేదు, చిటికెన వేలును పట్టుకుని ఎవరితోనో మాట్లాడుతూ మరిచిపోయేవాడు. వచ్చే జవాబులు మాత్రం నిజమైనవి. ఎక్కువగా, "తెలుస్తలేదు" అన్న జవాబే. నిజం వినడానికి నేను నెమ్మదిగా అలవాటు పడ్డాను.

ఆ రోజుల్లో ఇంటినిండా జనం. ఇది అంటేది కాదని డాక్టరమ్మ చెప్పిందిగానీ, చెప్పకపోయినా వచ్చేవాళ్ళే అనిపించింది. ఒకరు గుడ్లు తెచ్చేవారు, ఒకరు తలకు నూనె పెట్టేవారు, ఒకామె రోజూ వచ్చి ఆమె పళ్ళెంలోంచే ఒక ముద్ద తీసుకుని నోట్లో వేసుకుని, ఉప్పు తక్కువైందని తీర్పు చెప్పి పోయేది. దేవమ్మ కంచానికి కట్టిన ఎర్ర దారం నేను చూశాను, ఈ ముద్దనూ చూశాను. ఆ కాలంలో ఇళ్ళు దగ్గరగా ఉండేవి, మనసులు దగ్గరగా ఉండేవని నా ఈడువాళ్ళు అంటుంటారు. నేను ఒప్పుకోను. అప్పుడు మందు గురించి తెలియలేదు, తెలియనితనం మనుషుల్ని గుమ్మాల్లో నిలబెట్టింది. ఇప్పుడు మాత్రల డబ్బా గవర్నమెంటు దవాఖానలో ఊరికే ఇస్తున్నారు, ఆశా వర్కరు ఇంటికొచ్చి మింగావా లేదా అని అడిగి పోతోంది. దేవమ్మకు కావలసింది అంతే. పాతరోజులు మంచివనిపించినప్పుడల్లా నేను ఆమెను తలుచుకుని ఆ మాట మింగేస్తాను. గంజి వాసన ఒక్కటి మాత్రం అప్పటిదే బాగుంది, ఇప్పుడు వీధిలో పడుగు చాపేవాళ్ళే తక్కువ.

మందులు ఈమధ్యే ఆపేశారు. మానెమ్మ ఒంటరిగా బస్సెక్కి వనపర్తి వస్తోంది, మా మెట్లెక్కి, నేను వంటగది సర్దుకోలేదని తిట్టి వెళుతోంది. గుంటలో కూర్చోవద్దన్నారు గనక బావ ఈసారి ఆ గుంటను పూడ్చి, నేల మీద బల్ల ఎత్తులో మగ్గం పెట్టించాడు. రోజుకు కొద్దిసేపే నేస్తుంది. అయితే ఆమె బాగుపడిన రోజు ఏదని నన్నడిగితే నేను ఇవేవీ చెప్పను. ఆపరేషన్ తేదీ అడగడానికి మర్నాడు కర్నూలు పోవాల్సిన ఒక మధ్యాహ్నం సంగతి చెబుతాను. నేను బల్ల పక్కన కూర్చుని ఉడకబెట్టిన పల్లీకాయలు ఒలుస్తూ పేపరు పైకి చదువుతున్నాను. బావ గోడకు ఆనుకుని కునుకు తీస్తున్నాడు. మానెమ్మ కళ్ళు మూసుకుని వింటోంది.

"అబ్బా!" అంది ఉన్నట్టుండి.

"ఏందే?"

"కాలుకు ఏదో కుట్టింది."

"ఏ కాలు?"

"ఎడమ కాలే."

నేను పేపరు దించలేదు. "మల్ల మొదలుపెట్టినవా? నా మొఖం మంచిగనే ఉంది, నువ్వు అబద్ధమాడే పని లేదు."

"అబద్ధం గాదే, నీ అవ్వ, మంటయితుంది! చిటికెన వేలు కాడ! దుప్పటి తీసి చూడు జర!"

దుప్పటి ఎత్తాను. పల్లీకాయల వెంట వచ్చినట్టుంది, ఒక ఎర్రచీమ ఆమె ఎడమకాలి చిటికెన వేలును కరిచి పట్టుకుని, నడుం ఎత్తి నిలబడి ఉంది. వేలు చుట్టూ అప్పుడే ఎర్రగా కందుతోంది. నేను దాన్నే చూస్తున్నాను. బావ లేచి వచ్చి, చీమను చూసి, నన్ను చూసి, అర్థమై, కండువాతో మొహం కప్పుకున్నాడు. అలవాటు కొద్దీ దాన్ని నలపబోయి వేలు చాచాను.

మానెమ్మ బల్ల మీదినుంచి తల ఎత్తి, కళ్ళనిండా నీళ్ళతో, ఇంటి కప్పు లేచిపోయేలా అరిచింది.

"చంపకే సరోజా! ఆగు, ఇంకోపారి కుట్టనియ్యి!"